పంజాగుట్టలో గుయ్యాసుర వధ

శ్రీ తారణ నామ సంవత్సరం, వైశాఖ బహుళ పక్షం, శనివారం, మధ్యాహ్నం రెండుంబావు. అనగా రెండువేల నాలుగు, మే నెల. మైత్రీవనం మెట్ల మీద జావా, ఒరాకిల్, డాట్‌నెట్ అనే మహామంత్రాలను నలభై ఐదు రోజుల్లో ఉపదేశించే గురుకులాల కరపత్రాలు శిశిరపర్ణాల్లా రాలుతుండగా, ఇరవై మూడు జిల్లాల నుంచి తరలివచ్చిన పట్టభద్ర సేనావాహిని మిరపకాయ బజ్జీల బండ్ల చుట్టూ విడిది చేసి సముద్రాంతర దండయాత్రలకు వ్యూహాలు పన్నుతుండగా, పంజాగుట్ట చౌరస్తాలో నాలుగు దిక్కుల సిటీబస్సులు మదగజాల్లా ఘీంకరిస్తూ ఒకదాని దారికి ఒకటి అడ్డం నిలిచి ఉండగా, ఆ రెండు రణక్షేత్రాలకూ నడుమ, ఒక సందులో, ఒక మూడంతస్తుల అపార్ట్‌మెంటులో, రెండో అంతస్తు కుడివైపు ఇంట్లో, నిశ్శబ్దం పోయింది.

దొంగలు ఎత్తుకుపోలేదు. పాటకూ పాటకూ నడుమ కంప్యూటరు స్పీకర్లలో ఉండవలసిన నిశ్శబ్దం అది. దాని సింహాసనం మీద గుయ్‌మనే మోత ఒకటి వచ్చి కూర్చుంది.

అదే ఇంట్లో అంతకు నలభై మూడు రోజుల ముందు ఇల్లాలు రత్నమాల పోయింది. అది ఈ కావ్యానికి వస్తువు కాదు. ఈ కావ్యానికి వస్తువు గుయ్‌మనే మోత.

ఇక కథానాయకుడు. హనుమత్ప్రసాద్ మాస్టారు పంజాగుట్టలోని ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా పదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతున్నవాడు. సుద్దముక్క ఖడ్గంగా, డస్టరు డాలుగా, ఏటా అరవై మంది చొప్పున విద్యార్థి సేనలను అజ్ఞాన సముద్రం దాటించి అవతలి ఒడ్డున వదిలిపెట్టినవాడు. ఓమ్ నియమ నిష్ణాతుడు, విద్యుద్వలయ చిత్రలేఖన ధురంధరుడు, పాఠ్యపుస్తకంలోని వాక్యాన్ని పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే రాయనివారికి అర మార్కు సైతం దానం చెయ్యని కఠోరవ్రతుడు. ఇన్ని బిరుదులున్న వీరుడికి ఇంట్లో కంప్యూటరు ఆన్ చెయ్యడం మాత్రం మొన్నమొన్నటి దాకా రాదు. అది రత్నమాల పని.

ఆమెది గోదావరి పక్క బిక్కవోలు. పెళ్లిళ్లకు వెళ్లినప్పుడల్లా పట్టుచీరతో పాటు ఒక టేపు రికార్డరు కూడా సర్దుకునేది. భోజనాలయ్యాక ముసలమ్మలను ఒక మూల కూర్చోబెట్టి, తలుపు దగ్గర పాటలు, బంతులాట పాటలు, అప్పగింతల పాటలు పాడించి రికార్డు చేసేది. ఇరవై ఏళ్లలో ఎనభై నాలుగు క్యాసెట్లయ్యాయి. పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. క్యాసెట్లకు బూజు పడుతోందని, రెండేళ్ల కిందట టేపు రికార్డరు నుంచి కంప్యూటరుకు ఒక తీగ కలిపి, తీరిక దొరికిన మధ్యాహ్నానికి ఒకటి చొప్పున ఎక్కించడం మొదలుపెట్టింది. కంప్యూటరుకు ఎంత వేగమున్నా ముసలమ్మ పాట ముసలమ్మ వేగంతోనే వస్తుంది. గంట క్యాసెట్టుకు గంటా కూర్చోవాలి. కూర్చున్న ఆ గంటా ఊరుకోక, మాస్టారు దిద్ది పడేసిన జవాబు పత్రాల్లో మార్కులు కూడి పెట్టేది. ఊళ్లో సగం మంది మాస్టార్ల భార్యలు చేసే పనే అది. దానికి బిరుదులుండవు.

అరవై ఒక్క క్యాసెట్లు ఎక్కించింది. ఇరవై మూడు మిగిలాయి.

వేసవి సెలవులు ఇచ్చారు. చుట్టాలు వెళ్లిపోయారు. మాస్టారు ఆమె నోటు పుస్తకంలో రాసుకున్న పద్ధతి చూసి, అరవై రెండో క్యాసెట్టు పెట్టాడు. దాని మీద ఆమె అక్షరాలతో ‘బిక్కవోలు, సూరమ్మత్తయ్య, అప్పగింతలు’ అని ఉంది. గంటసేపు చేతులు కట్టుకుని కూర్చుని, అయ్యాక విన్నాడు. సూరమ్మత్తయ్య వెనకాల గుయ్. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా గుయ్. అనుమానం వచ్చి అరవై ఒకటోది విన్నాడు. గుయ్ లేదు. అదే టేపు రికార్డరు, అదే తీగ, అదే కంప్యూటరు. ఆమె ఎక్కించిన వాటిలో లేదు. ఆయన ఎక్కించిన దానిలో ఉంది.

క్యాసెట్లు పాతబడ్డాయి. తిప్పినప్పుడల్లా గోధుమరంగు పొడి రాలుతోంది. ఒక్కొక్కటి ఇంకెన్నిసార్లు తిరుగుతుందో తెలియదు. అసురుణ్ణి చంపేదాకా మిగతావాటిని ముట్టుకోరాదు. చంపకపోతే అవి పెట్టెలోనే పొడి అయిపోతాయి. యుద్ధకారణం ఇదీ. ఇంతకన్న చిన్న కారణాలకు రాజ్యాలు కూలాయి.

అప్పుడా మహావీరుడు లుంగీ బిగించి, కుర్చీ వెనక్కి నెట్టి లేచి, మనస్సులో ఇట్లు గర్జించెను: “ఓరీ గుయ్యాసురా! నిరాకారా! నిరంతర నాదోన్మాదా! స్పీకరు గుహలో నక్కి పెద్దముత్తైదువుల గానానికి అడ్డుపడు నీచుడా! ఏ తీగలో దూరినను, ఏ పెట్టెలో దాగినను, బడులు తెరిచేలోపున నిన్ను నిశ్శేషముగా నిర్మూలింపనిచో, నా పేరు హాజరు పట్టీ నుండి కొట్టివేయబడుగాక!”

పైకి మాత్రం ఫోనెత్తి, “తారక్, ఓసారి వస్తావా?” అన్నాడు.

తారక్ రత్నమాల అక్క కొడుకు. మైత్రీవనం మూడో అంతస్తులో జావా ఉపదేశించే గురువు. మెడలో ఐడీ కార్డు వనమాలలా వేలాడుతుండగా, మోటారు సైకిలు రథం దిగి, మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చోకముందే తీర్పు చెప్పాడు.

“బాబాయ్ గారూ, ఇది నూటికి నూరుపాళ్లు సాఫ్ట్‌వేరండి. వెనకాల ఏం తిరుగుతున్నాయో చూశారా? నలభై ఒక్క ప్రోగ్రాములు! పాపం, కంప్యూటరుకి పాట మీద ధ్యాస ఎక్కడుంటుందండీ?”

అంతట మొదటి సంగ్రామం మొదలైంది. తారక్ మౌసు గదను తిప్పిన వైనం వర్ణించ నలవి కాదు. యాంటీవైరస్‌ను నిద్రపుచ్చాడు. ప్రింటరు లేని ఇంట్లో ప్రింటరు కోసం కాచుకు కూర్చున్న ప్రోగ్రామును పట్టి చంపాడు. డ్రైవర్లను తీసి డ్రైవర్లను ఎక్కించాడు. వాడని మైకు నోరు మూశాడు. ఈక్వలైజరు కడ్డీలను పైకీ కిందికీ లాగి పర్వతశ్రేణిగా పేర్చి, నచ్చక మైదానం చేశాడు. శబ్దాన్ని సెకనుకు నలభై నాలుగు వేల ఒక వంద ముక్కలుగా కోయించాడు. చాలక నలభై ఎనిమిది వేలు కోయించాడు.

“ఈ చేపల స్క్రీన్‌సేవరు ఎవరు పెట్టారండీ? మెమరీ అంతా ఇదే తినేస్తోంది. తీసెయ్యనా?”

“మీ పిన్ని పెట్టింది. ఉండనీ.”

తారక్ చేపలను విడిచిపెట్టాడు. ఆ సంగ్రామంలో ప్రాణాలతో బయటపడ్డవి అవే.

సాయంత్రానికి కంప్యూటరు గుర్రంలా పరుగెత్తసాగింది. మాస్టారు ఖాళీ క్యాసెట్టు ఒకటి పెట్టి పరీక్షించాడు. మిగతా చప్పుళ్లన్నీ అణగిపోవడం వల్ల గుయ్యాసురుడి కంఠం మునుపటి కన్న స్వచ్ఛంగా, శ్రావ్యంగా, ఏ అడ్డంకీ లేకుండా వినవచ్చింది.

వెనక తీగ సరిచూద్దామని కంప్యూటరు పెట్టె వెనక్కి చెయ్యి పెట్టిన తారక్ చటుక్కున లాక్కున్నాడు. “అమ్మో! షాక్ కొడుతోందేంటి బాబాయ్ గారూ?”

“కొద్దిగా కొడుతుంది. నేను రబ్బరు చెప్పులేసుకుంటున్నాను.”

“స్టాటిక్ అయ్యుంటుందండి. ఎండాకాలం కదా.”

“అయ్యుంటుంది,” అన్నాడు మాస్టారు.

శ్రోతలారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ మోత సెకనుకు యాభై సార్లు కంపించేది. మన దేశంలో సెకనుకు యాభై సార్లు ఊగేది ఏమిటని అడిగితే మాస్టారి శిష్యుల్లో వెనక బెంచీవాడు కూడా గోడలోని కరెంటు అని చెబుతాడు. ముట్టుకుంటే చురుక్కుమనే ఇనప పెట్టె గురించి మాస్టారే పదకొండు పేజీల పాఠం చెబుతాడు. కానీ ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు రాసే అలవాటు ఆయనకు లేదు.

రెండో సంగ్రామానికి రాఘవేందర్ వచ్చాడు. అమీర్‌పేటలో కంప్యూటర్లు బిగించే దుకాణం అతనిది. స్క్రూడ్రైవరును చెవి మీద పెన్సిల్లా పెట్టుకుని, పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

“సార్, బోర్డు మీద వచ్చే సౌండు ఉత్తగనే ఉంటది. వేరే కార్డు ఎయ్యాలె. ఫికర్ చెయ్యకుండ్రి, మస్తు క్లియర్ వస్తది.”

“అన్నా, ప్రాబ్లం అది కాదు, సాఫ్ట్‌వేర్‌లో...” అన్నాడు తారక్.

“మీరు క్లాసుల చెప్పుండ్రి భాయ్. పెట్టె విప్పినంక నేను చెప్తా.”

తారక్ ఐడీ కార్డు చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అటుపిమ్మట మూడు దినములు ముట్టడి సాగెను. కొత్త సౌండు కార్డు గర్భగుడిలో ప్రతిష్ఠించబడింది. బంగారు పూత మొనలున్న తీగ వచ్చింది. ట్యూబులైటు ఆర్పబడింది, ఫ్యాను ఆపబడింది, ఫ్రిజ్జు అరగంట సేపు నిద్రపుచ్చబడింది. నలభై రెండు డిగ్రీల ఎండలో ముగ్గురు మగధీరులు చెమటలు కక్కుతూ, చీకటి గదిలో, ఊపిరి బిగబట్టి గుయ్ విన్నారు. బల్ల అదురుతోందేమోనన్నాడు రాఘవేందర్. “స్పీకర్ల కింద జర బరువైనవి పెట్టుండ్రి సార్.” మాస్టారు అటక ఎక్కి, తన దగ్గరున్న వాటిలో అన్నిటికన్న బరువైనవి దించాడు: పాత జవాబు పత్రాల కట్టలు. కుడి స్పీకరు కింద రెండు, ఎడమ స్పీకరు కింద రెండు. ఇరవై రెండేళ్ల విద్యాదానంలో కొంత భాగం ఆ విధంగా సంగీతానికి పీఠమైంది.

గుయ్యాసురుడు పీఠం మీద కూర్చుని పాడాడు.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం, కార్డును ఇంకో గాడిలోకి మార్చబోతూ రాఘవేందర్ మోచెయ్యి పెట్టెకు తగిలించుకున్నాడు. “అబ్బ!”

“స్టాటిక్ లెండి,” అన్నాడు తారక్.

రాఘవేందర్ జేబులోంచి టెస్టరు తీసి పెట్టెకు ఆనించాడు. టెస్టరు కడుపులో ఎర్ర దీపం వెలిగింది.

“స్టాటిక్ గాదు భాయ్, గిది కరెంటు. సార్, పెట్టె బాడీకి కరెంటొస్తుంది. మీ ఇంట్ల ఎర్త్ పని చేస్తలేదు. గుయ్ అనేది గందుకే. ఎర్త్ గుంత ఏడున్నది సార్?”

పదకొండు పేజీల పాఠం. నల్లబల్ల మీద ఏటా ఆయన స్వహస్తాలతో గీసే బొమ్మ: నేలలో గొయ్యి, గొయ్యిలో రాగిరేకు, చుట్టూ బొగ్గూ ఉప్పూ, పైనుంచి నీరు పోయడానికి గొట్టం. బొమ్మకు మూడు మార్కులు, భాగాలు గుర్తిస్తే రెండు. ఆ బొమ్మను వెయ్యి మందికి పైగా పిల్లల చేత గీయించిన ఆచార్యుడు, పన్నెండేళ్లుగా కాపురమున్న అపార్ట్‌మెంటులో ఆ గొయ్యి ఎక్కడుందో తెలియక, టెస్టరులోని ఎర్ర దీపాన్ని చూస్తూ నిలబడ్డాడు.

“కింద ఉంటుంది,” అన్నాడు చివరికి.

“కిందనే ఉంటది సార్. భూమి గదా.”

ముగ్గురు వీరులూ నలభై మెట్లు దిగి పాతాళ ప్రవేశం చేశారు. పాతాళాన్ని ఏలేది సత్తెమ్మ, వాచ్‌మన్ భార్య. ఆమె గది పక్కన, కాంపౌండు గోడ వారన, చిన్న సిమెంటు మూత, దాని మీద ఆమె ఆరబెట్టిన ఎండు మిరపకాయలు. మాస్టారు అడిగితే మిరపకాయలు ఒక పక్కకు ఊడ్చి మూత తీసింది. లోపల నేల పెంకులుగా పగిలి ఉంది.

“ఎండింది సార్,” అన్నది సత్తెమ్మ. “ఎండదా మరి? అమ్మ ఉన్నన్ని దినాలు బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు రోజూ రెండు బకెట్లు తెచ్చి గీ గుంతల పోస్తుండె. అమ్మ పోయినంక ఎవలు పోస్తరు?”

“కరివేపాకు చెట్టుకు పోస్తోందనుకున్నాను,” అన్నాడు మాస్టారు.

“చెట్టు గాడున్నది, గుంత గీడున్నది. చెట్టుకు పోసేటోళ్లు గుంతల ఎందుకు పోస్తరు సార్?”

తారక్ దగ్గాడు. రాఘవేందర్ టెస్టరును జేబులో పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

“పొయ్యాలని ఆమెకు ఎవరు చెప్పారు?” అన్నాడు మాస్టారు.

“మీ బడి పొల్లనే. మీరు దిద్దే పేపర్ల రాసిందంట. ‘మా అమ్మ ఎండకాలం రోజు గుంతల నీళ్లు పోస్తది, పొయ్యకుంటే కూలర్ షాక్ కొడ్తది’ అని. అమ్మ నాకు చెప్పుకుంట మస్తు నవ్వింది.” సత్తెమ్మ మిరపకాయలు దగ్గరికి లాక్కుంటూ అడిగింది, “గా పొల్లకు మీరు అర మార్కు కోసిండ్రంట గదా సార్?”

కోశాడు. రెండేళ్ల కిందటి అర్ధసంవత్సర పరీక్షలు. ‘ఎర్తింగు గుంతను ఎల్లప్పుడు తడిగా ఎందుకు ఉంచవలెను?’ ఒక మార్కు. మానస అనే అమ్మాయి పత్రం. టేపు రికార్డరు తిరుగుతోంది. గదిలో ఎవరో ముసలమ్మ పాడుతోంది. రత్నమాల మార్కులు కూడుతూ ఆగింది.

“ఏవండీ, ఈ పిల్లకి పూర్తి మార్కు వెయ్యొచ్చు కదా. నిజమే రాసింది.”

“నిజం రాస్తే చాలదు. ‘నేల యొక్క విద్యున్నిరోధమును తగ్గించుటకు’ అని రాయాలి. కూలరట, కూలరు.”

ఆమె ముప్పై ఒకటిన్నర అని పత్రం మీద వేసింది. తర్వాతి పత్రం తీసుకుంటూ, “అయితే మన గుంతలో ఎవరు పోస్తున్నారండీ?” అంది. అప్పటికి మాస్టారు ఇంకో ప్రశ్న దిద్దుతున్నాడు. జవాబు చెప్పిన గుర్తు లేదు. ఆ తర్వాతి వేసవి నుంచి ఫ్రిజ్జు తలుపు షాక్ కొట్టడం మానేసింది. ఎందుకు మానేసిందని ఆయన అడిగిన గుర్తు కూడా లేదు.

“బకెట్టు ఉందా సత్తెమ్మా?”

ఇక మహాసంగ్రామం. అహో! ఏమని వర్ణింతును! రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీరు ఆనాడు రాని దినమగుటచే, తమ ఇంటి డ్రమ్ములోని నీటిని రెండు ఎర్ర ప్లాస్టిక్ బకెట్ల నిండుగా నింపి, కుడిచేత నొకటి, ఎడమచేత నొకటి ధరించి, తారకుడు సాయం రాబోగా కనుసైగతో వారించి, రబ్బరు చెప్పులు టపటపలాడగా, లుంగీ అంచులు తడవగా, నలభై మెట్లను అవరోహించి, భౌతికశాస్త్ర సార్వభౌముడు గుంత ఒడ్డున నిలిచెను. “ఉప్పు సుత ఎయ్యుండ్రి సార్,” అని సత్తెమ్మ గళ్లుప్పు దోసిలి అందించెను. ఆయన ఉప్పు చల్లెను. బకెట్టు వంచెను. పగిలిన నేల బుస్సుమని ఆవిరి విడిచి, గుటగుట తాగి, ఇంకా ఇమ్మని నోరు తెరిచెను. రెండవ బకెట్టు వంచెను. ఆకాశం నుండి పుష్పవృష్టి కురిసెను. మూడో అంతస్తువారు చాప దులిపిరి.

“జర అరగంట ఆగుదాం సార్,” అన్నాడు రాఘవేందర్.

ఆగారు. సత్తెమ్మ టీ ఇచ్చింది. “పిన్ని నాక్కూడా చెప్పలేదండి,” అన్నాడు తారక్ ఒకసారి. “నువ్వు అడిగావా?” అన్నాడు మాస్టారు. ఆ మాట ఎవరికి తగలాలో వారికే తగిలింది.

పైకి వెళ్లారు. రాఘవేందర్ టెస్టరు ఆనించాడు. దీపం వెలగలేదు. ఖాళీ క్యాసెట్టు పెట్టి, స్పీకర్ల ధ్వని చివరికంటా పెంచాడు. ముగ్గురూ చెవులు రిక్కించారు. గుయ్ లేదు. కింద సందులో ఆటో హారను వినబడింది, ఎవరింట్లోనో కుక్కరు కూత వినబడింది, స్పీకర్లలో మాత్రం ఏమీ లేదు.

“మస్తుంది సార్, సైలెన్సు!” అన్నాడు రాఘవేందర్.

“ఆ నలభై ఒక్క ప్రోగ్రాములు తీసెయ్యడం కూడా హెల్ప్ అయ్యుంటుందండి,” అన్నాడు తారక్.

ఈ విధంగా, సకల తెలుగు దేశానికీ, అందునా విశేషించి పంజాగుట్ట పరిసర సందులో రెండో అంతస్తు కుడివైపు గదికీ పట్టిన పీడ విరగడైంది. ఒక సౌండు కార్డు, ఒక బంగారు తీగ, జావా గురువొకడు, నాలుగు పగళ్ల చెమట, రెండు బకెట్ల నీళ్లు వెచ్చించి, హనుమత్ప్రసాద చక్రవర్తి గుయ్యాసురుణ్ణి వధించి, ఇంతకు ముందు తన ఇంట్లో ఉచితంగా ఉండిన నిశ్శబ్దాన్ని జయించి తెచ్చుకున్నాడు. దిక్కులు మారుమోగవలసింది. నిశ్శబ్దం కాబట్టి మోగలేదు.

వాళ్లిద్దరూ వెళ్లాక, మాస్టారు అరవై రెండో క్యాసెట్టును జాగ్రత్తగా తిప్పి మళ్లీ ఎక్కించాడు. అది ఇంకోసారి తిరిగింది. సూరమ్మత్తయ్య మొదటి పాట పాడి ఆగింది. రెండో పాట ఎత్తుకునే ముందు, నాలుగైదు క్షణాలు ఖాళీ. అక్కడ రత్నమాల గొంతు వినబడుతుందని వినేవారు ఆశించవచ్చు. వినబడలేదు. రికార్డు చేసేటప్పుడు ఆమె మాట్లాడేది కాదు. ఆ నాలుగైదు క్షణాలూ ఏమీ వినబడలేదు. కావలసింది అదే.

స్క్రీను మీదికి చేపలు వచ్చాయి. ఆయన గంటసేపూ కూర్చున్నాడు. కూడడానికి మార్కులు లేవు.

మరునాటి నుంచి బియ్యం కడిగిన నీళ్లు గుంతలో పోస్తున్నాడు. ఇంకా ఇరవై రెండు క్యాసెట్లు ఉన్నాయి. మానస పదో తరగతి పాసై ఎటో వెళ్లిపోయింది. ఆమె పత్రం ఎడమ స్పీకరు కింద కట్టలో ఉంది. అర మార్కు ఇంకా కలపలేదు.